తడక ముందు ఆగిన కాళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంటికి నాలుగు పేర్లుండేవి, ఇల్లు మాత్రం మాది కాదు. కిరాయి కొంప. పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక ఊరు. రోడ్డు వారగా రెండు గదులు, ముందు ఒక అరుగు. ఆ అరుగే మా తాతయ్య దుకాణం. తాళాలు బాగుచేసేవాడు, లాంతర్లకు మాట్లు వేసేవాడు, విరిగిన గొడుగు పుల్లలు మార్చేవాడు. ఇంట్లో ఆయన్ని దాదా అని పిలిచేదాన్ని. ఊరంతా తాళాల తాత అనేది. నేను చదువుకున్నదీ, ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పిందీ తెలుగులోనే కాబట్టి, రాయడానికి కూర్చుంటే నాకు తాతయ్య అనే మాటే వస్తుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్న పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోయి ఎప్పుడో వచ్చేవాడు. అమ్మకు వంటింటితోనే సరిపోయేది. నన్ను పెంచింది తాతయ్యే అనుకోవచ్చు. నా అంత మొండిఘటం ఈ తాలూకాలోనే లేదని మా అమ్మ పదిమందిలో అనేది. అందులో అబద్ధం లేదు, నాకు నామోషీ కూడా లేదు.

సాయంత్రం నమాజు అయ్యాక తాతయ్య నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అరబ్బీ చెప్పేవాడు. కుర్రతనంలో వరంగల్లులో ఒక మదర్సాలో నాలుగైదేళ్ళు చదివాడట. ఆ తర్వాత కడుపు కోసం తాళాలు పట్టుకున్నాడు కానీ మాటల మీద మోజు పోలేదు. పాత లాంతరు రేకును తిరగేసి దాని మీద సుద్దముక్కతో రోజుకో మాట రాసేవాడు. ఆ రేకే నా పలక. ఒక వారమంతా ఇంటి మాటలు చెప్పాడు. బైత్ అంటే రాత్రికి తల వాల్చే చోటు. దార్ అంటే వాకిలీ దొడ్డీ ఉండి చుట్టూ తిరగడానికి వీలున్న ఇల్లు. మంజిల్ అంటే ప్రయాణంలో బండి దిగి మూట దించుకునే చోటు. ఆ మాటే నడుస్తూ నడుస్తూ మన తెలుగులోకి వచ్చి మజిలీ అయి కూర్చుందని, నా వాచకంలో ఆ మాట వెతికి మరీ చూపించాడు. ఇక మస్కన్. మనసు నిమ్మళించి కుదురుకునే చోటు. నిమ్మళానికీ ఆ ఇంటికీ అరబ్బీలో వేరు ఒకటేనట.

ఒక్క ఇంటికి ఇన్ని మాటలెందుకని నేను విసుక్కున్నాను. గుర్తు పెట్టుకోవాల్సింది నేను కదా! తాతయ్య నవ్వి, తెలుగులో తక్కువున్నాయా అని వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఇల్లు, కొంప, గూడు, గుడిసె, నెలవు. సరే, మరి గుడిసెను అరబ్బీలో ఏమంటారని అడిగాను. బైత్ అన్నాడు. నవాబు బంగళాను? అదీ బైతే. సాలెపురుగు గూడును? అదీ అంతే. తేనెటీగల పట్టును? దానికీ అదే మాట. నాకు నవ్వాగలేదు. ఈ అరబ్బులకు బంగళాకూ బూజుకూ తేడా తెలియదని తీర్మానించేశాను. తాతయ్య నన్ను దిద్దలేదు. రేకు తుడిచి పక్కన పెట్టాడు.

మా ఇంటి ఆసామి గురించి ఇక్కడే చెప్పాలి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం. భారీ మనిషి, తెల్లటి పంచె, కిర్రుమని మోగే తోలు చెప్పులు. ఆయన వస్తున్నాడని చెప్పులే ముందు చెప్పేవి. మేముంటున్న గదులు ఆయనవే, పెరట్లోని మునగచెట్టూ ఆయనదే. వారానికోసారి ఏ గొడుగో పట్టుకుని వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా చెప్పులు అరుగు కింద విడిచి, గొంతు సవరించుకుని, సాయిబుగారు ఉన్నారా అని అడిగేవాడు. సాయిబుగారు ఆయన కళ్ళ ముందే కూర్చుని తాళం రాకుతూ ఉండేవాడు! నాకది పెద్ద తమాషాగా ఉండేది.

ఇక ఆకులక్క. చర్ల అవతలి అడవి ఊరి నుంచి వచ్చిన కోయ మనిషి. తునికాకు కోతకని భర్తతో ఇటు వచ్చింది, ఆ ఏడే జ్వరంతో అతను పోయాడు. వెనక్కి పోకుండా ఇక్కడే ఉండిపోయింది. అడవిలోంచి అడ్డాకులు కోసుకొచ్చి, విస్తళ్ళు కుట్టి, కట్టలు మా అరుగు మీద పెట్టుకుని భద్రాచలం బస్సు కోసం చూసేది. ఊరి చివర సర్కారు జాగాలో ఆసామి పొలాన్ని ఆనుకుని ఆయన పాత పశువుల కొట్టం ఒకటుండేది. ఆయన పశువుల్ని ఇంటి దగ్గరికి మార్చుకున్నాక అది వానకు నాని, ఎండకు ఎండి, సగం కూలిపోయింది. ఆకులక్క దానికి తాటాకు కప్పుకుంది, వెదురు దబ్బలతో గోడలల్లి మట్టి మెత్తుకుంది, తలుపు లేదు కనుక తడక పెట్టుకుంది. అప్పటికి మూడేళ్ళుగా అందులోనే ఉంటోంది, తోడు ఒక మేక. ఊళ్ళో అందరూ దాన్ని కొట్టమనే అనేవాళ్ళు. నేనూ అదే అనేదాన్ని.

వేసవిలో మా ఇంట్లో పోయినవాళ్ళ పేర ఫాతిహా చదివించే రోజొకటి వచ్చింది. విస్తళ్ళు తెమ్మని అమ్మ నన్ను పంపింది. ఆకులక్క లాంతరుకు మాటు వేయడం అయింది, అది ఇచ్చి రావాలని తాతయ్య కూడా బయలుదేరాడు. నేను ముందు పరుగెత్తుకుంటూ పోయి, తడక నెట్టి, చెప్పుల కాళ్ళతోనే లోపలికి దూరాను. ఆకులక్క అప్పుడే స్నానం చేసి తడి జుట్టు విడదీసుకుంటోంది. ఉలిక్కిపడి చీర కొంగు భుజాల మీదికి లాక్కుంది. నేను మాత్రం ఏమీ పట్టనట్టు విస్తళ్ళు కావాలని అడుగుతున్నాను.

బయట తాతయ్య గొంతు వినిపించింది. తడకకు ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి, లోపలికి చూపు పోని చోట నిలబడ్డాడు. బిడ్డా, తాళాల తాతను వచ్చిన అన్నాడు. కాసేపు ఆగాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ ఆగాడు. మూడోసారి కూడా జవాబు రాకపోతే వెనక్కి తిరిగి పోవాలన్నది మా వాళ్ళ పద్ధతి. తిరిగి పోయినందుకు మనసులో కష్టం కూడా పెట్టుకోకూడదు. ఆకులక్క కొప్పు చుట్టుకుని, రమ్మన్న తర్వాతే ఆయన చెప్పులు విడిచి తడక దాటాడు. దాటగానే ఆయన చూపు నా కాళ్ళ మీద పడింది. పొద్దున్నే అలికిన నేల మీద నా చెప్పుల అచ్చులు వరుసగా పడి ఉన్నాయి.

తాతయ్య నన్ను కొట్టలేదు. ఆయనకు కొట్టడం రాదు. బయటికి పంపించాడు. పక్కకు నిలబడి, ఆకులక్కను పిలిచి, ఆమె రమ్మన్నాక మళ్ళీ రమ్మన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొట్టంలోకి పోవడానికి ఇంత తతంగమా అని ఆమె వింటుండగానే అరిచాను. అప్పుడు తాతయ్య చాలా నెమ్మదిగా చెప్పాడు.

"ఆమె పండుకునే జాగా ఇది. మొన్న రేకు మీద రాసిస్తి గదా, గదే బైత్. లోపలున్నోళ్ళు రమ్మంటెనే మనం పోవాలె. ఇంటికి తాళం లేకున్నా నడుస్తది బిడ్డా. అడగాల్సిన మనిషి లోపల ఉంటె చాలు, అది ఇల్లే."

తాళాల మీద బతికే మనిషి ఆ మాట అనడం నాకు అప్పుడు తట్టలేదు. తట్టిందల్లా నా అవమానమే. మూడుసార్లు పిలిచాను. మూడోసారి పిలుస్తూ ఏడ్చేశాను. ఆకులక్క జాలిపడి ముందే రా రా అంటున్నా తాతయ్య ఒప్పుకోలేదు. ఆ తర్వాత నా చెప్పుల అచ్చుల మీద నా చేతనే పేడ అలికించాడు. ఇంటికి వచ్చేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు అమ్మ ఇంకో కట్ట తెమ్మంటే పోయి తిరిగొస్తుండగా ఆసామి రోడ్డు మీద ఎదురయ్యాడు. నా చేతిలో ఆకుల కట్ట చూసి, ఎక్కడి నుంచి పాపా అని ముద్దుగా అడిగాడు. నాకు ఇంకా కచ్చ తీరలేదు. తాతయ్య ఇల్లు అన్నాడు కనుకనే, కావాలని, నొక్కి చెప్పాను.

"కొట్టం కాడికెళ్ళి వస్తున్న. అది మీ కొట్టమే గదా."

ఆయన ఎంతో సంతోషపడ్డాడు. జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చాడు. చప్పరించుకుంటూ వచ్చేశాను. అంత తియ్యటి తప్పు నేను మళ్ళీ చేయలేదు.

అది ఎంత పెద్ద తప్పో రెండు రోజులకు తెలిసింది. ఊరి చివరి సర్కారు జాగాలో ఎవరు ఇల్లు వేసుకుని ఉంటున్నారో వాళ్ళ పేరున పట్టాలిస్తారని దండోరా పడింది. గిర్దావరు వచ్చి చూసి రాసుకుని పోతాడు. గిర్దావరంటే ఇప్పటివాళ్ళు ఆర్‌ఐ అంటున్న ఉద్యోగి. మనుషులుండే ఇళ్ళే లెక్క, పశువుల కొట్టాలకు పట్టా లేదు, వాటిని తీసేస్తారు. ఆసామికి ఆ జాగాలో ఇల్లు వేసుకోవాలన్న ఆశ లేదు. పొలంలోకి బండి పోవడానికి అడ్డంగా ఉంది, కొట్టం పోతే దారి తిన్నగా వస్తుంది. అది తన పాత కొట్టమేననీ, ఆ కోయ మనిషి ఏదో కూలికి వచ్చి తలదాచుకుంటోందనీ ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీకి చెప్పాడు. పట్వారీ అలాగే పంచనామా రాసిపెట్టాడు. పంచనామాకు ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు కావాలి. ఒకరు ఊళ్ళో ఎవరు ఏ కాగితం చూపినా చేసేవాడే. రెండో సంతకానికి ఆసామి మా తాతయ్యను ఎంచుకున్నాడు. సాయిబు అబద్ధమాడడని ఊరందరికీ తెలుసు. ఆ మంచి పేరే ఆయనకు పనికొచ్చింది.

చీకటి పడకముందే ఆసామి మా అరుగు దగ్గరికి వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు విడిచాడు, ఎప్పటిలాగే ఉన్నారా అని అడిగాడు. రేపు పది గంటలకు కొట్టం దగ్గరికి వచ్చి సంతకం పెట్టాలని చెప్పాడు. బెదిరించలేదు, ఆ అవసరం ఆయనకు లేదు. పోతూ పోతూ నా వైపు చూసి నవ్వాడు.

"మీ మనవరాలే చెప్పింది సాయిబుగారూ, కొట్టమని. చిన్నపిల్లలు అబద్ధం చెప్పరు కదా!"

తాతయ్య నా మొహం చూశాడు. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. లోపల అమ్మ అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది. సంతకం పెట్టకపోతే ఈ గదులు ఖాళీ చేయమంటాడు, పిల్లను వేసుకుని ఎక్కడికి పోతాం, ఊరికొక పంచాయతీ ఉంటే అందులో మనమే దూరాలా అని. ఆమె భయం దొంగ భయం కాదు. సంతకం పెడితే ఆకులక్క ఇల్లు పోతుంది, పెట్టకపోతే మా ఇల్లు పోతుంది. తొమ్మిదేళ్ళ దాన్నయినా ఈ లెక్క నాకు బాగానే అర్థమైంది. ఆకులక్కకు అడవి అవతల ఎవరూ మిగల్లేదని కూడా నాకు తెలుసు. నేను తాతయ్య పక్కన చేరి, ఆ మాట నేను కచ్చకొద్దీ అన్నానని చెప్పి ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, పొద్దున్నే పోయి ఆకులక్క వాకిలి అలకడంలో సాయం చెయ్యమన్నాడు. అంతే. శిక్ష అనుకున్నాను.

తెల్లవారగానే పోయాను. ఈసారి తడక పక్కన నిలబడి పిలిచాను. ఆకులక్క కళ్ళు వాచి ఉన్నాయి. పట్వారీ మాట ఆమె చెవిన కూడా పడింది. ఇద్దరం వాకిలంతా ఊడ్చి, పేడనీళ్ళు కలిపి, తడక ముందు నుంచి దారి దాకా నున్నగా అలికాం. ఆమె ముగ్గు వేసింది. వాళ్ళ పద్ధతి ముగ్గు, పుల్లలతో గీసినట్టు తిన్నటి గీతలు. నేను ఒక మూల నాకొచ్చిన చిన్న పువ్వు పెట్టాను. వంకరగా వచ్చింది. చెరపబోతే ఆమె వద్దంది.

పది గంటలకు అందరూ వచ్చారు. గిర్దావరు, పట్వారీ, ఆసామి, సంతకాల పెద్దమనిషి, వెనకాల చూడ్డానికి వచ్చిన నలుగురు. తాతయ్య గొడుగు వేసుకుని నిదానంగా వచ్చాడు. రోళ్ళు పగిలే ఎండ. దారిలో మట్టి కాలుతోంది. ఆకులక్క భయపడి తడక మూసుకుని లోపలే కూర్చుంది. అందరూ దారి మీద వేపచెట్టు నీడన ఆగారు. పట్వారీ చదివాడు: ఫలానా ఆసామికి చెందిన పశువుల కొట్టం, ఒక మేక ఉన్నది. మేక ఉన్న మాట నిజమే. పెద్దమనిషి సంతకం గీకేశాడు. కాగితం తాతయ్య చేతికి వచ్చింది. నేను ఆయన లాల్చీ అంచు పట్టుకుని నిలబడ్డాను.

తాతయ్య కాగితం చదివాడు. కలం తీసుకున్నాడు. తీసుకుని, గిర్దావరు మొహం వైపు చూసి, సాబ్‌కు దప్పికైనట్టుందే అన్నాడు. గిర్దావరు చెమట తుడుచుకుంటూ అవునన్నాడు. తాతయ్య ఆసామి వైపు తిరిగి ఎంతో మర్యాదగా, కొట్టం మీదే కదా, లోపల కుండలో చల్లటి నీళ్ళుంటాయి, తమరే కాస్త తెచ్చి పోస్తే బాగుంటుందని అన్నాడు. కొట్టం నాదని చూపించుకోవడానికి అంతకంటే మంచి సందు ఏముంటుంది? ఆసామి ఉత్సాహంగా, మా కొట్టమే మా కొట్టమే అంటూ కిర్రుకిర్రుమని నడిచిపోయాడు.

ఆ నడక నాకు ఇవాళ్టికీ కళ్ళకు కట్టినట్టుంది. దారి దాటేదాకా పెద్ద పెద్ద అంగలు. అలుకు మొదలైన చోట అడుగు చిన్నదైంది. ముగ్గు దగ్గరికి వచ్చేసరికి కాలు దాన్ని తొక్కకుండా పక్కకు జరిగింది. తడక ముందు ఆయన ఆగాడు. ఒక కాలి చెప్పు విడిచాడు. రెండోదీ విడిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, లోపలున్నావా? కాసిని మంచినీళ్ళిస్తావా తల్లీ?"

లోపలి నుంచి ఆగుండ్రి అని వినబడింది. ఆయన ఆగాడు! అంత ఎండలో, ఉత్తికాళ్ళతో, పక్కకు తిరిగి, లోపలికి చూపు పోనివ్వకుండా. ఆకులక్క తొందరేమీ పడలేదు. కాసేపటికి తడక జరిపి ఇత్తడి చెంబు అందించింది. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు.

చెంబుతో ఇటు తిరిగేసరికి అందరి కళ్ళూ ఆయన పాదాల మీద ఉన్నాయి. తెల్లటి పాదాలు, పక్కన నల్లటి చెప్పుల జత. ఏమైందో ఆయనకు ఇంకా అర్థం కాలేదు. తాతయ్య గొంతు పెంచలేదు.

"అయ్యగారూ, తప్పుగ అనుకోకుండ్రి. కొట్టంలకు పోయేటోళ్ళు చెప్పులు విడుస్తరా?"

లోపల మేక ఒక్కసారి అరిచింది. గిర్దావరు ముందు పెదవి బిగబట్టాడు, తర్వాత ఆగలేక పకపకా నవ్వాడు. ఆసామి మొహం ఎర్రబడింది. తన చెప్పుల వైపు తనే చూసుకున్నాడు, వాటిని ఎవరో వేరేవాళ్ళు అక్కడ పెట్టినట్టు. చివరికి ఆయనా నవ్వేశాడు. ఏడవలేక నవ్వాడో, నిజంగానే నవ్వాడో నేను చెప్పలేను. అయితే ఆ నీళ్ళు గిర్దావరుకు తనే పోశాడు.

"బాగుంది సాయిబుగారూ. తాళం తీయడంలో మీ తర్వాతే ఎవరైనా."

గిర్దావరు ఆ పంచనామా చింపి, పట్వారీ చేత కొత్తది రాయించాడు. ఆకులక్క పేరు అడిగి రాయించి, దాని పక్కన సాకిన్ అని ఊరి పేరు రాయించాడు. తాతయ్య వంగి ఉర్దూలో సంతకం పెట్టి, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి నాకు చూపించాడు. దారిలో వస్తూ వివరంగా చెప్పాడు. మొన్నటి మస్కన్ ఏ వేరు నుంచి పుట్టిందో సాకిన్ కూడా ఆ వేరు నుంచే పుట్టిందట. అక్కడ కుదురుగా ఉంటున్న మనిషి అని అర్థం. పట్వారీలు తరతరాలుగా రాస్తూనే ఉన్నారు, అదేం మాటో వాళ్ళకే తెలియదు అని నవ్వాడు. మాలిక్ వేరు, సాకిన్ వేరు అని కూడా చెప్పాడు. ఒకరికి జాగా ఉంటుంది, ఇంకొకరికి ఆ జాగాలో ఇల్లుంటుంది.

నాకు ఒక సందేహం మిగిలిపోయింది. ఆసామి చెప్పులు విడుస్తాడని ఎలా తెలుసు? విడవకుండా లోపలికి పోయి ఉంటే ఏమయ్యేది? తాతయ్య వెంటనే జవాబు చెప్పాడు.

"మనముండే ఇల్లు ఎవరిది? ఆయనదే గదా. ఒక్కనాడన్న చెప్పులతోని లోపలికొచ్చిండా? మంచి తల్లి పెంచిన మనిషి. నోరు ఏమన్న అంటది గని, కాళ్ళకు అబద్ధం రాదు బిడ్డా."

పొద్దున్నే నన్ను అలుకుకు ఎందుకు పంపాడో అప్పుడు అర్థమైంది. అది శిక్ష కాదు. నేను నోటితో చెడగొట్టిన పనిని నా చేతులతోనే బాగుచేయించాడు.

కథ ఇక్కడితో సుఖంగా ముగిసిందంటే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆరు నెలలు తిరగకముందే, దసరా వెళ్ళాక, ఆసామి మా గదులు ఖాళీ చేయమన్నాడు. బంధువులెవరో వస్తున్నారని చాలా మర్యాదగా చెప్పాడు. బంధువులు నిజంగానే వచ్చారు కూడా. ఆనాటి కోపమేనా అంటే తాతయ్య ఒప్పుకునేవాడు కాదు. అమ్మ మాత్రం ఒప్పుకునేది, రోజుకు పదిసార్లు. ఊరి ఆ కొసన ఒకటే గది దొరికింది. వాన వస్తే గదిలో రెండు చోట్ల గిన్నెలు పెట్టాలి. సామాను ఎడ్లబండిలో పోతుంటే తాతయ్య తాళాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నాడు. నేను బెంగగా అడిగాను, ఇప్పుడు మనది ఏ మాట అని. మంజిల్ అన్నాడు. మజిలీ మారింది, మనుషులు మారలేదు, ఇంకేం కావాలి అన్నాడు. ఆ గొంతులో బింకం లేదు. ఆయన నిజంగానే నిమ్మళంగా ఉన్నాడు.

మూటలు దించి, అమ్మ పొయ్యి రాళ్ళు పెడుతుండగా బయట ఎవరో పిలిచారు. తాళాల తాతా, ఆకులదాన్ని వచ్చిన అని. ఆ గదికి తలుపు తెరిచే ఉంది, సామాను మధ్య మేము కనిపిస్తూనే ఉన్నాం. అయినా ఆకులక్క పక్కకు తిరిగి నిలబడి ఉంది, తల మీద తాటాకు మోపుతో. నేను రమ్మనేలోపే మళ్ళీ పిలిచింది. ఎవరూ నేర్పకుండానే, చూసి నేర్చుకుంది. అమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, రా తల్లీ అంది. ఇన్ని నెలలుగా ఆమె పేరెత్తితే సణిగిన మా అమ్మే. ఆ సాయంత్రానికి వానకారే రెండు చోట్లా ఆకులక్క తన చేత్తో కప్పింది.

తాతయ్య పోయి నలభై ఏళ్ళు దాటింది. అరబ్బీ మాటలు చాలా మరిచిపోయాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఆ నాలుగైదు మాత్రం పోలేదు. టీచరునయ్యాక జనాభా లెక్కలకు ఇంటింటికీ తిరిగే పని నా మెడకు చాలాసార్లు పడింది. అందరూ తప్పించుకోవాలని చూసేవాళ్ళు, నేను అడిగి వేయించుకునేదాన్ని. ఆ ఫారాల్లో గోడ దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు అని అడిగే గడులుంటాయి. ఒకసారి పాల్వంచ అవతల కాలువ పని జరిగే చోట, నాలుగు కర్రల మీద చిరుగుల టార్పాలిన్ కప్పుకుని ఒక కూలి కుటుంబం ఉంది. నా వెంట వచ్చిన కుర్ర టీచరు దాన్ని చూసి, మేడమ్, ఇది ఇల్లు కింద రాదు, పోదాం పదండన్నాడు. గోడ గడిలో రాయడానికి అక్కడ గోడే లేదు.

నేను చెప్పులు విడిచి, పక్కకు తిరిగి నిలబడి, లోపలికి రావచ్చా అమ్మా అని పిలిచాను.